మూడు నిమిషాల యాభై రెండు సెకన్లు

మార్చి 2

ఇరవై నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో తిని తిరుగుతున్నా, నేనెవరో వీళ్లకి ఇంకా అర్థం కాలేదు. ఈ రోజు పక్కింటావిడ వచ్చింది. అమ్మ నన్ను చూపించి, "దీనికి చిన్నప్పట్నుంచీ నిప్పంటే భయమండీ. అందుకే ఈ ఫైర్ సేఫ్టీ చదువు పట్టుకుంది" అంది, డాక్టరుకి పాత జబ్బు గురించి చెబుతున్నట్టు. చెల్లి ఊరుకుంటుందా? "అక్క వంటింట్లో అగ్గిపెట్టెకి కూడా నోటీసు ఇస్తుందండీ!" పక్కింటావిడ నవ్వి, "పోన్లెండి, ఆడపిల్లకి ఆ మాత్రం భయం ఉండాలి" అని తీర్పు చెప్పి వెళ్లిపోయింది. నాన్న పేపరు వెనకనుంచి బయటికి రాలేదు.

ఇంట్లో నా పేరు బెదురుగొడ్డు. సినిమా హాల్లో కూర్చోగానే బయటికి దారి ఎటుందో చూస్తానని. షాపులో చీర చూడకుండా మెట్లు చూస్తానని.

నాకు భయం కాదు. ఎవరూ చదవని చోటైనా ఒకసారి సరిగ్గా రాసుకోనీ. నాకు అసహ్యం. మెట్ల మలుపులో చిరిగిన పరుపు, దాని మీద తడి మాప్ కర్ర, పక్కనే ఎవరిదో ఒంటి చెప్పు. తలుపు మూసుకుపోకుండా దానికి ఆనించిన ఎర్ర సిలిండరు. మంట ఆర్పడానికి కొన్న సిలిండరు అది, పదేళ్లుగా తలుపుకి కాపలా కాస్తోంది. "బయటికి దారి" అని వెలిగే బోర్డు, దాని కింద గోడ. అవును, గోడే. తలుపు తీసేసి ఇటుకలు పేర్చారు, బోర్డు తీయడం మర్చిపోయారు. హోటల్లో బొద్దింక కనబడితే మా ఇంట్లో అందరికీ కడుపులో తిప్పుతుంది. అదే హోటల్లో తాళం వేసిన వెనక తలుపు పక్కన కూర్చుని, మళ్లీ వడ్డించమంటారు.

డిగ్రీ కాగానే బాబాయి ఆఫీసులో చేరాను. మూడేళ్లయింది. బిల్డింగులు చూడటం, మంటలొస్తే అందరూ ఎలా బయటపడాలో డ్రిల్ చేయించడం, రిపోర్టు రాయడం. రాసేది నేను, సంతకం బాబాయిది. ఇరవయ్యో తారీఖున పరీక్ష. అది పాసై, నా లాగ్‌బుక్కు మీద బాబాయి సంతకం పెడితే నాకూ సర్టిఫికెట్ వస్తుంది. అప్పుడు నా సంతకమూ చెల్లుతుంది.

అప్పుడు పరుపులు తీయిస్తాను.


మార్చి 4

చదువు. తలుపు వెడల్పు, మెట్ల వెడల్పు, నిమిషానికి ఎంతమంది దిగగలరు. పుస్తకంలో మనుషులందరికీ ఒకే కొలత, ఒకే వేగం. హాయిగా ఉంది.


మార్చి 7

నడక ఆసుపత్రిలో డ్రిల్. ఆ పేరు నేను పెట్టిందే. తుంటి విరిగినవాళ్లూ పక్షవాతం వచ్చినవాళ్లూ మళ్లీ నడక నేర్చుకునే చోటు, నాలుగంతస్తులు. బోర్డు మీద ఉన్న అసలు పేరు అంతకు మూడింతలు పొడుగు.

పదింటికి గంట మోగింది. గంట మోగుతుందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒక ఫిజియోథెరపిస్టు టీ గ్లాసుతోనే దిగాడు. కర్రతో నడిచేవాళ్లు ముందు, నర్సులు వెనక, రిసెప్షనిస్టు లిప్‌స్టిక్ సర్దుకుంటూ ఆఖర్న. మేనేజరు మెట్ల కింద నిలబడి పెళ్లివారిని ఆహ్వానించినట్టు రండి రండి అంటున్నాడు. తోటలో అందరినీ నిలబెట్టి పేర్లు పిలిచాను. యాభైకి యాభై. మూడు నిమిషాల యాభై రెండు సెకన్లు. మా ఫారంలో గడువు అయిదు నిమిషాలు.

బాబాయి నా వీపు తట్టి, "చూశావా అమ్మడూ! మంచాల మీద మనుషులున్న బిల్డింగు, నాలుగు నిమిషాలు దాటలేదు. వీళ్లకి పతకం ఇవ్వాలి" అన్నాడు.

మేనేజరు వంగి దణ్ణం పెట్టాడు. గ్రూప్ ఫొటో తీశారు. పక్కన చక్రాల కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకాయన మాత్రం కొట్టకుండా చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు.

బాగా జరిగింది.


మార్చి 8

మూడు యాభై రెండు. మంచి నంబరే.


మార్చి 11

దరఖాస్తు నింపి పంపాను. లాగ్‌బుక్కులో డ్రిల్స్ పద్నాలుగు, ఒక్కో బిల్డింగుకి ఒకటే లెక్క, ఒక్కోదానికి ఒక పేజీ. కనీసం పన్నెండు ఉంటే చాలు. బాబాయి ముందు పెట్టాను. ఆయన పేజీ తిప్పేముందు వేలు నాలిక మీద అద్దుకుంటాడు. మూడేళ్లుగా చూస్తున్నాను, మూడేళ్లుగా ఆ మూల ముట్టుకోకుండా పేజీ తిప్పుతున్నాను. ప్రతి రిపోర్టుకీ కింది మూలన ఒక గోధుమరంగు మచ్చ ఉంటుంది. మా ఆఫీసు ముద్ర అదే.

"ఆఖరి పేజీ చాలు, ఇది చూసి నిన్ను ఇంకేమీ అడగరు" అన్నాడు నడక ఆసుపత్రి పేజీ మీద వేలు పెట్టి. "పాసై రా. అన్నిటి మీదా ఒక్కసారే గీకేస్తాను. కొత్త బోర్డు కూడా చెప్పాను తెలుసా? నా పేరు కింద నీ పేరు."

"కిందే ఎందుకు?"

"అమ్మో అమ్మో, ఇంకా పరీక్ష రాయలేదు, అప్పుడే నా కుర్చీ లాగుతోంది!"

ఇద్దరం నవ్వాం. ఆయన నాకు టేపు పట్టుకోవడం నేర్పాడు. సీలింగుకి బిగించిన పొగ డిటెక్టరు మీద ప్లాస్టిక్ మూత తీశారో లేదో కిందనుంచే పోల్చడం నేర్పాడు. అది రాసుకోవాలి. మంచివాడు.


మార్చి 13

రిపోర్టులో అంతస్తుకి ఎన్ని మంచాలో రాయాలి. మేనేజరు లేడు. "నువ్వే వెళ్లి లెక్కపెట్టుకో తల్లీ, నాకు రెండు చేతులే ఉన్నాయి" అంది హెడ్ నర్సు.

నాలుగో అంతస్తుకి నేను ఎప్పుడూ వెళ్లలేదు. మూడేళ్లలో అయిదుసార్లు వచ్చాను ఆ బిల్డింగుకి. ఒక్కసారీ వెళ్లలేదు.

పొడుగాటి వార్డు, తొమ్మిది మంచాలు, తొమ్మిదింటి మీదా మనుషులు. కిటికీ పక్క మంచం మీద మొన్న గడియారం చూసుకున్నాయన. కాలు బరువు కట్టి వేలాడదీశారు. రిటైరైన లెక్కల మాస్టారట.

"ఏమ్మా స్టాప్‌వాచ్ అమ్మాయ్, దారి తప్పి పైకొచ్చావా?"

"మంచాలు లెక్కపెట్టడానికొచ్చానండీ."

"తొమ్మిది. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, నమ్ము. మళ్లీ ఎండ ఎప్పుడు?"

"ఎండేమిటండీ?"

"మీరొచ్చే రోజు మాకు ఎండ. ఆర్నెల్లకోసారి. ఎనిమిదింటికే, నా కాలి బరువు కూడా విప్పి, మా తొమ్మిదిమందినీ లిఫ్టులో దింపి, దుప్పట్లు కప్పి, తోటలో వరసగా పెడతారు. పదింటికి మీ గంట. కాళ్లున్నవాళ్లందరూ దిగుతారు. మేం చప్పట్లు కొట్టాలి. పదకొండింటికి మళ్లీ పైకి. ఈ కిటికీ ఉత్తరం వైపమ్మా, కాస్త తరచుగా రండి."

పక్క మంచం మామ్మ దుప్పటి కిందనుంచి తల బయటపెట్టింది. "ఎండా నీ మొహమా! కిందటిసారి ఆ ముసురులో కూర్చోబెడితే నాకు నెల్లాళ్లు జలుబు. ఆ గంట మోగించేవాళ్ల నోట్లో మన్ను పడ!"

"మోగించింది ఈ అమ్మాయే, మామ్మగారూ."

"అయితే ఈ అమ్మాయి నోట్లోనే."

మాస్టారు నవ్వాడు, కాలు కదిలి నొప్పెట్టి నవ్వు ఆపాడు. "సరే, ఒక లెక్క అడుగుతాను. మొన్న నన్ను ఎన్నో సెకనులో బయటికి తెచ్చారని రాశావు?"

చేతిలో ఉన్న రిపోర్టు తిప్పి చూశాను.

"సున్నా. గంట మోగకముందే బతికిపోయాను నేను. ఇంకొకటి. నిజంగా పొగొస్తే లిఫ్టు ఆపేస్తారు కదూ?"

"ఆపేస్తారండీ."

"అదీ సంగతి" అని కిటికీ వైపు తిరిగాడు, పిల్లలకి హోంవర్కు ఇచ్చేసినట్టు.


మార్చి 14

నేను స్టాప్‌వాచ్ మాత్రమే పట్టుకున్నాను.


మార్చి 15

పేర్లు కూడా పిలిచాను. యాభైకి యాభై. ఆ యాభైలో తొమ్మిది వాళ్లే. దుప్పట్లో ఉన్న మామ్మ పేరు నేనే పిలిచాను. ఆవిడ చెయ్యెత్తింది. నేను టిక్కు పెట్టాను. గంట మోగడానికి దాదాపు రెండు గంటల ముందే కింద ఉన్న మనిషిని క్షేమంగా బయటపడ్డ మనిషిగా రాశాను.

తెలియక జరిగింది.

తెలియక కాదు. రాయవే, ఎవరు చూస్తారు? ఆ రోజు ఎనిమిదిన్నరకే వెళ్లాను నేను. లిఫ్టు తలుపు తెరుచుకోవడం, కుర్చీలు ఒక్కొక్కటే బయటికి రావడం చూశాను. మంచి ఆసుపత్రి, ముసలివాళ్లకి ఎండ చూపిస్తున్నారనుకున్నాను. అనుకున్నానా? అనుకోవడం తేలిక కాబట్టి అనుకున్నాను. ఫొటో తీసేటప్పుడు ఒక చక్రం అడ్డం వస్తోందని, ఆ కుర్చీని పక్కకి జరిపింది కూడా నేనే. అందులో ఎవరున్నారో గుర్తు లేదు. దుప్పటి నీలం రంగు. అది గుర్తుంది.

ఉదయం నుంచి నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాను. చెల్లి చూసి, "పరీక్ష భయం" అని అమ్మకి చెప్పింది. అమ్మ పాలు కాచి ఇచ్చింది.


మార్చి 16

బాబాయిని అడిగాను. ఆయన కోప్పడితే బాగుండేది. నచ్చజెప్పాడు.

"నడవలేనివాళ్లని మెట్ల మీద మోయమంటావా? ఎవరైనా జారిపడి మళ్లీ తుంటి విరిగితే? మంటలో పోలేదు, డ్రిల్‌లో పోయారంటారు."

"వాళ్లని మోయక్కర్లేదు బాబాయ్. వాళ్ల బదులు నర్సులే మంచం మీద పడుకోవచ్చు. పుస్తకంలో ఉంది. లేదంటే అదే అంతస్తులో పొగని ఆపే అడ్డ తలుపుకి అవతలికి మంచాలు తోసి, తలుపు మూసి, సాయం వచ్చేదాకా ఆగొచ్చు. అదీ ఉంది. ఏదీ చేయకపోతే, తొమ్మిదిమంది ముందే కింద ఉన్నారని రాయాలి."

"రాస్తే?"

"మళ్లీ డ్రిల్ చేయమంటారు."

"చేస్తే పావుగంట పడుతుంది. మేనేజరు మనకి నమస్కారం పెట్టి ఇంకొకణ్ని పిలుచుకుంటాడు. ఆ ఇంకొకడు గంట కూడా మోగించడు, కుర్చీలోంచి లేవకుండా రిపోర్టు రాసిస్తాడు. వాడికంటే మనం నయం కాదూ?"

మనం నయం. తూతూ మంత్రం చదివేవాళ్లందరూ చెప్పే మాటే. పక్కవాడు మంత్రం కూడా చదవడు కాబట్టి మేం పురోహితులం.

"అడ్డ తలుపు ఉందనే రాశాం కదా, మరి భయమెందుకు?" అన్నాడు చివర్న, ప్రేమగా. పేజీ తిప్పడానికి వేలు నోటి దగ్గరికి వెళ్లింది. నేను లేచి వచ్చేశాను.


మార్చి 18

నమూనా ప్రశ్న నెం. 61: కదలలేని రోగులున్న అంతస్తులో డ్రిల్ ఎలా చేయాలి? నాలుగు జవాబులు. సరైనది (సి). పెన్సిలుతో నింపాను. ఒక మార్కు.


మార్చి 20

పాస్. కంప్యూటరు అక్కడే చెప్పేసింది. నూటికి ఎనభై ఎనిమిది. ప్రశ్న నెం. 61 లాంటిదే వచ్చింది. సరిగ్గానే రాశాను.

ఇంటికొచ్చేసరికి బాబాయి ఉన్నాడు. అమ్మ ఏడుస్తోంది, సంతోషంతో. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు, అది మా ఇంట్లో చిన్న విషయం కాదు. "బెదురుగొడ్డు గెలిచిందోచ్!" అని చెల్లి పళ్లెం మీద గరిటెతో వాయించింది. బాబాయి జేబులోంచి కొత్త పెన్ను తీసి, "తే లాగ్‌బుక్కు! అందరి ముందూ పెడతాను సంతకం" అన్నాడు.

"ఇంకో రెండు పేజీలు సరిచూసుకోవాలి" అన్నాను.

"చూశారా వదినా? ఇదీ నా శిష్యురాలు. కామా కూడా వదలదు."

అందరూ మెచ్చుకున్నారు. లాగ్‌బుక్కు ఇవ్వడానికి ఆఖరు తేదీ ఇరవై ఎనిమిది. టైముంది.


మార్చి 22

హెడ్ నర్సుకి ఫోన్ చేసి, ఒక మంచం, ఇద్దరు మనుషులు కావాలన్నాను. "మేనేజరు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తాడు. గంటన్నర దాకా రాడు. నేనేమీ చూడలేదు, సరేనా?" అంది. ఆవిడే మెట్ల దగ్గర నిలబడి చూసింది, మొదటినుంచి చివరిదాకా.

ఖాళీ మంచం మీద పడుకున్నాను. మధ్యాహ్నం పూట ఆ వార్డులో ఉండేది పెద్ద ఆయా, చిన్న ఆయా, అంతే. ముందు అడ్డ తలుపు. మంచాన్ని నడవా మధ్య దాకా తోశారు. అక్కడ తలుపు లేదు, బిజాగిరీలు ఊడదీసిన చోట నాలుగు కన్నాలున్నాయి.

"తలుపేది?"

"అదా? మంచాలకి తగులుతోందని తీసేశారు గదమ్మా ఎప్పుడో. గుడ్డల గదిలో ఉంది" అంది చిన్న ఆయా.

వెళ్లి చూశాను. గోడకి ఆనించి ఉంది. దాని మీద మాసిన దుప్పట్లు, వాటి వాసన. మా రిపోర్టులో రాశాం: అడ్డ తలుపు, ఉంది. అబద్ధం ఎలా అవుతుంది? ఉంది.

ఇక మెట్లే. నన్ను దుప్పట్లోకి దొర్లించి, చెరో వైపు కొసలు మెలితిప్పి పట్టుకుని ఎత్తారు. మాస్టారు గడియారం చూసి, "మొదలు!" అన్నాడు.

"అమ్మా, నువ్వేం తింటావమ్మా ఇంత బరువున్నావ్?" చిన్న ఆయా మొదటి మలుపులోనే ఆయాసపడింది.

"చదువు బరువే అది. మాటలాపి కొస పట్టుకో" అంది పెద్ద ఆయా.

దుప్పటిలో పడుకుంటే కనిపించేది సీలింగు ఒక్కటే. చెమ్మతో పెచ్చులూడిన సున్నం, బల్బు లేని హోల్డరు. నా నడుం ప్రతి మెట్టుకీ తగులుతోంది. రెండో అంతస్తు మలుపులో విరిగిన కమోడ్ కుర్చీలు గుట్టగా పడేశారు, వాటి మీదుగా నన్ను ఏటవాలుగా ఎత్తారు. ఫినాయిల్ వాసన, దాని కింద ఫినాయిల్ కప్పిపుచ్చలేని ఇంకో వాసన. పెద్ద ఆయా చెమట చుక్క నా నుదుటి మీద పడింది. "కాస్త దింపుతానమ్మా, ఏమనుకోకు" అంది. మలుపు మలుపుకీ దింపారు. కళ్లు మూసుకున్నాను. భయమేసి కాదు. ఆ సీలింగు చూడలేక.

కింద తోటలో దింపారు. గడియారం చూసుకుని పైకెళ్లాం. మాస్టారు కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు.

"ఎంత?"

"పదకొండు నిమిషాలండీ. తొమ్మిదిమందికి తొంభై తొమ్మిది."

"సున్నా మార్కులు. వాళ్లు మళ్లీ పైకి ఎక్కొద్దూ? ఎక్కడానికి మూడు నిమిషాలు, ఎనిమిదిసార్లు. ఇరవై నాలుగు. మొత్తం?"

"నూట ఇరవై మూడు."

"రెండు గంటల మూడు నిమిషాలు. మధ్యలో వీళ్లకి నడుం నొప్పి రాకపోతే." మంచాల వరస వైపు చూపు తిప్పాడు. "తొమ్మిదోవాణ్ని నేనేలే. కిటికీ పక్క కదా, ఆఖర్న వస్తారు. ఈలోపు ఒక పాఠం చెప్పేయొచ్చు."

మామ్మ దుప్పటి తల మీదికి లాక్కుంది. తిడితే బాగుండేది.

చిన్న ఆయా మెట్ల మీద కూర్చుని అరచేతులు చూసుకుంటోంది. ఎర్రగా కమిలిపోయాయి. "నిజంగా పొగొస్తే నేను ఒక్కదాన్నే దిగి పారిపోతానమ్మా. నాకూ పిల్లలున్నారు. రాసుకో అది కూడా" అంది.

రాశాను.


మార్చి 23

బాబాయి ఇంటికొచ్చాడు. మేనేజరు ఫోన్ చేశాట్ట. ఆసుపత్రిలో గోడలకి కూడా నోళ్లుంటాయి.

"నాకు చెప్పకుండా వెళ్తావా? నేను చచ్చాననుకున్నావా?"

"చెప్తే వద్దంటావని వెళ్లాను బాబాయ్. రెండు గంటల మూడు నిమిషాలు. అడ్డ తలుపు గుడ్డల గదిలో ఉంది."

"గుడ్డల గదిలోనా?" అన్నాడు. తెలియదనుకుంటాను. తెలియదనే అనుకోవాలని ఉంది. తర్వాత గొంతు తగ్గించాడు. "సరే. ఆ ఒక్క పేజీ చింపెయ్. పదమూడుతో పంపు. పన్నెండుంటే చాలు కదా? నీ చేతికి మట్టి అంటదు. సర్టిఫికెట్ వచ్చాక నీ ఇష్టం వచ్చినట్టు చేయించు డ్రిల్స్, నేను అడ్డుపడను. మీ నాన్న మీదొట్టు."

"నా మీద ఎందుకురా ఒట్టు?" అన్నాడు నాన్న పేపరు వెనకనుంచి.

అమ్మ అందుకుంది. "సంతకమే కదే, ప్రాణమా? డిగ్రీ చేసి ఇంట్లో కూర్చుంటే చేయి పట్టుకుని తీసుకెళ్లింది ఎవరు? ఆ వార్డులో వాళ్లు నీకు బంధువులా?"

"కాదు."

"మరి ఎందుకే నీకు ఇంత భయం?"

పేరు ఒకసారి పెట్టాక ఇక ఏం చేసినా ఆ పేరుతోనే పిలుస్తారు. నేను అరిచినా భయమే, కడుక్కున్నా భయమే, ఊరుకున్నా భయమే.

బాబాయి మాట కాదనలేను. ఒక్క పేజీ. పదమూడు మిగులుతాయి. పద్ధతిగానే ఉంది. తొందరపడి మూడేళ్లు తగలబెట్టుకోవడం తెలివి కాదు. సర్టిఫికెట్ చేతికొస్తే నేనే నాలుగో అంతస్తు తలుపు పెట్టిస్తాను. లోపలుండి బాగుచేయాలి గాని బయటికొచ్చి రాళ్లు వేస్తే ఎవరికి లాభం?

చేతిరాత ఎంత కుదురుగా ఉందో ఈ పేరాలో.


మార్చి 24

చింపాను. అంచు గరుకుగా వచ్చింది. కత్తెరతో సమంగా కత్తిరించాను.


మార్చి 25

పొద్దున్నే మిగిలిన పదమూడూ ముందేసుకున్నాను, ఊరికే, సరిచూద్దామని.

స్కూలు. నాలుగు వందల మంది, అయిదు నిమిషాల లోపే. అబ్బో. ఒకటో తరగతి పిల్లలకి ఆ రోజు మొదటి పీరియడ్ ఆటలు. నాకు ఎలా తెలుసంటే, ఈ డైరీలోనే రాసుకున్నాను, నిరుడు ఆగస్టులో: "గంట కొట్టేసరికి బుడతలు అప్పటికే మైదానంలో గెంతుతున్నారు, ఎంత ముద్దుగా ఉన్నారో!" ముద్దట.

ఏడంతస్తుల ఆఫీసు. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న అకౌంటెంటు ఆ రోజు సెలవు. "మీరొస్తున్నారని నన్ను ఇంట్లో ఉండమన్నారు" అని తర్వాత వారం లిఫ్టు దగ్గర నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. అదే ఆఫీసులో క్యాంటీన్ వంటవాళ్లు అసలు బయటికి రాలేదు. పొయ్యి కట్టేస్తే వంట ఆలస్యమవుతుందట. వాళ్లని కాంట్రాక్టు మనుషులని లెక్కలోంచే తీసేశాం.

బట్టల షాపు. నిల్వ గదిలో నిచ్చెన మీదుండే ముసలి గుమాస్తాని గంట మోగకముందే టీకి పంపారు. ఆయనకి చెవుడు. ఆ సంగతి నాకు ఎలా తెలుసు? టీ కొట్టు దగ్గర ఆయన్ని పలకరించింది నేనే.

లైబ్రరీ. గుర్తు లేదు. సినిమా హాలు. గుర్తు లేదు. ఆ రెండూ శుభ్రంగా జరిగాయేమో. జరిగి ఉండొచ్చు. చూసినవాటిలో చూడనట్టు ఊరుకున్నవి ఇన్నుంటే, గుర్తులేనివాటికి నేనెలా హామీ ఉండను?

మూడేళ్లలో మేం చేయించిన డ్రిల్స్‌లో నిదానంగా నడిచేవాళ్లు ఆ పూట కనబడరు. మేం ఎవరినీ దాచిపెట్టమని చెప్పలేదు. చెప్పక్కర్లేదు. తేదీ ముందే చెబుతాం, అంతే. మసిపూసి మారేడుకాయ చేసే పని వాళ్లు చేసుకుంటారు, మేం ఆ కాయ బరువు తూచి రాసిస్తాం.

ప్రతి పేజీ కింద రాసి ఉంది: హాజరు సరిచూసినది. దాని పక్కన నా పేరు. బాబాయి సంతకం ఇంకా పడలేదు, కానీ నా పేరు పద్నాలుగు చోట్లా నా చేత్తోనే ఉంది. చెత్తబుట్టలోంచి నిన్నటి పేజీ తీశాను. మీద టీపొడి. తుడిచాను.


మార్చి 26

మధ్యాహ్నమంతా రాశాను. అమ్మ రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చి వెళ్లింది. మూడోసారి, "ఏం రాస్తున్నావే?" అంది.

"ఎవరెవరిని లెక్కపెట్టలేదో రాస్తున్నాను."

"బాబాయి పేరు రాస్తున్నావా?"

"రిపోర్టు మీద ఎవరి పేరుంటే వాళ్లది. ముందు నాది."

అమ్మ మంచం అంచున కూర్చుంది. ఈసారి భయం అనలేదు. "ఆయన మొహం ఎలా చూస్తావే?" అంది. నేను రాయడం ఆపలేదు. కాసేపటికి లేచి, ఫ్యాన్ గాలికి ఎగురుతున్న కాగితాల మీద కళ్లజోడు డబ్బా బరువు పెట్టి వెళ్లింది.

సాయంత్రం బాబాయి దగ్గరికెళ్లి చెప్పాను. ఫోనులో కాదు, ఎదురుగా. ఆయన అంతా విన్నాడు. "నేర్పిందంతా నా మీదే ప్రయోగించావన్నమాట" అన్నాడు. నేను కూర్చోలేదు. ఆయన కూర్చోమనలేదు.


మార్చి 27

రేపు సర్టిఫికెట్ దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. పద్నాలుగు డ్రిల్స్‌లో ఏదీ అనుభవం కింద చెల్లదని, ఎందుకు చెల్లదో పేజీకొక పేరా రాసి ఇస్తున్నాను. నకలు అగ్నిమాపక శాఖకి. నడక ఆసుపత్రి పేజీలో మూడు యాభై రెండు కొట్టేసి, రెండు గంటల మూడు నిమిషాలు అని రాశాను. కొలిచిన తేదీ, మోసింది ఇద్దరేనన్న సంగతి, నిజానికి ఎంతమంది కావాలో ఆ లెక్క, తలుపు ఇప్పుడున్న చోటు కూడా రాశాను. ఆయాల పేర్లు రాయలేదు, నాది రాశాను.

బాబాయి లైసెన్సు పోవచ్చు. నా మూడేళ్లు పోయాయి. ఇంకొకరి దగ్గర మొదటినుంచి చేస్తాను, తేదీ ముందుగా చెప్పనివాళ్లు దొరికితే.

కౌంటరు పదింటికి తెరుస్తారు. తొమ్మిదిన్నరకి బయల్దేరుతాను.